ఎక్కలేనివాడి వాటా

బందరు,
9 ఫిబ్రవరి 2003, ఆదివారం.

పారాదీపులో ఉన్న మా నాన్నకు, నీ కూతురు సాయిదుర్గ నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, పాలకాయతిప్పలో అమ్మా తమ్ముడూ బాగున్నాం. అక్కడ నువ్వూ, నీతో పడవెక్కేవాళ్ళూ బాగున్నారని తలుస్తున్నాను.

నీ ఇన్‌లాండు కవరు మొన్న సోమవారం అందింది. నీకు చదవడానికి వీలుగా ఉంటుందని ఈసారి కూడా గీతల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అందుకే పేజీలు ఎక్కువయ్యాయి, కంగారుపడకు. నా ఉత్తరాలు గదిలో అందరికీ చదివి వినిపిస్తానని రాశావు. దీన్ని మాత్రం ముందు నువ్వొక్కడివే చదువుకో. నీ మాట ఒకటి దాటాను. అదేమిటో తెలిశాక నాతో మాట్లాడతావో మానేస్తావో అని నాలుగు రోజులుగా దిగులుగా ఉంది. దిగులని రాశాను గాని, సంతోషం కూడా అంతే ఉంది. రెండూ కలిసి ఉండడానికి ఒకే మాట ఏదైనా ఉందేమోనని కాలేజీ లైబ్రరీలో నిఘంటువు తిరగేశాను. దొరకలేదు.

ముందు నీ ప్రశ్నలు. అమ్మ మోకాలు నయం. ఎండుచేపల బుట్ట తనే ఎత్తుకుని కోడూరు బస్సెక్కుతోంది. తమ్ముడు భానుప్రకాష్ బడికి రోజూ వెళ్తున్నాడు. లెక్కల్లో ముప్పై ఏడు వచ్చాయి. "పోయినసారి ముప్పై ఒకటే కదా, పెరిగానా లేదా?" అని అమ్మని నిలదీస్తున్నాడు. నువ్వు పంపిన చొక్కా బిగుతైనా విప్పడం లేదు.

మూడో ప్రశ్న పెద్దది. "గుడివాడ పెద్దమనిషి ఎవరు? ఆయనింటికి నువ్వెందుకు వెళ్ళావు? డబ్బున్నవాళ్ళతో మనకేం పని?" అని రాశావు. నాలుగోది ప్రశ్న కాదు, నువ్వు ఎప్పుడూ చివర్లో రాసే మాటే. "మనింటి సంగతులు బందరులో ఎవరికీ చెప్పకు." ఈ రెండింటికీ విడివిడిగా జవాబు రాయడం నాకు చేతకాలేదు. అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఆయన పేరు రామబ్రహ్మం గారు. మా హాస్టల్లో ఆ పేరు మొన్నటిదాకా ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన మజ్జిగ తాతగారు. నెలకో ఆదివారం గుడివాడ నుంచి పాసింజరులో వస్తారు. స్టేషన్ నుంచి నడిచే వస్తారు. మోచేతుల దగ్గర అతుకు వేసిన చొక్కా, చేతిలో గుడ్డసంచి. మాతోపాటు వరస చివర కూర్చుని అన్నం తింటారు. తిన్నాక మజ్జిగ జగ్గు అందుకుని, అడిగినా అడక్కపోయినా అందరికీ పోసుకుంటూ వెళ్తారు. వంటవాళ్ళ తాలూకు ముసలాయన అనుకున్నాను నేను. చేరిన కొత్తలో ఒకరోజు ఆయన్ని కసిరాను కూడా.

"ఏంటి తాతగారూ, ఇది మజ్జిగా కాలవ నీళ్ళా?"

ఆయన జగ్గులోకి తొంగి చూశారు. "కాలవ నీళ్ళయితే కాస్త రంగుండాలి కదమ్మా."

"నవ్వకండి. ఈ హాస్టలు పెట్టినాయనెవరో కనుక్కుని మీ సంగతి ఉత్తరం రాసేస్తాను."

"రాయి తల్లీ. గట్టిగా రాయి. ఆయనకి ఒకసారి చెప్తే ఎక్కదు."

మరుసటి నెల నుంచి మజ్జిగ చిక్కబడింది. నా బెదిరింపు పనిచేసిందని గదిలో అందరికీ గొప్పలు చెప్పుకున్నాను.

హాస్టలు పెట్టినాయనా, మజ్జిగ పోసే ఆయనా ఒకరేనని పోయిన నవంబరులో మా వార్డెన్ ఉమాదేవి గారు పిలిచి చెప్పేవరకు నాకు తెలియదు. ఉప్పెన తర్వాత దివిసీమ ఆడపిల్లల కోసం పెట్టారట. ఇప్పటికి ఇరవై అయిదేళ్ళు. బోర్డు మీద ఆయన పేరు లేదు, గోడ మీద ఫోటో లేదు. ఎవరికీ చెప్పనని వార్డెన్ గారి చేత మాట తీసుకున్నారట. ఆవిడ ఈ నెలలో రిటైరవుతున్నారు. "వెళ్ళేలోపు ఆయనకో సన్మానం చెయ్యకపోతే నాకు మనశ్శాంతి ఉండదమ్మా. సన్మాన పత్రం నువ్వు రాయాలి. నీకు మాటలంటే పిచ్చి కదా" అన్నారు.

సన్మాన పత్రం నువ్వూ చూశావు నాన్నా. మన బడి హెడ్మాస్టరు గారు బదిలీ అయినప్పుడు పువ్వుల అంచుతో అచ్చు వేయించి, అద్దం కట్టించి, అందరి ముందూ చదివి ఇచ్చారే, అది. ప్రతి పేరాకీ నెత్తి మీద ఒక పెద్ద పిలుపు ఉంటుంది. నన్ను రాయమన్నారంటే కాళ్ళు నేల మీద నిలవలేదు. 'వితరణ శేఖరా', 'నిరాడంబర మూర్తీ', 'సౌజన్య నిధీ' అంటూ ఇరవై రెండు పిలుపులు పోగు చేశాను. పిలుపులు వచ్చాయి గాని, ఆ పిలుపుల కింద రాయడానికి ఆయన గురించి నాకేమీ తెలియదు. అందుకే గుడివాడ వెళ్ళాను. ఆయన ఇంట్లో లేని రోజు చూసి ఆయన భార్య సరోజిని గారే రమ్మన్నారు.

రెండు గదుల ఇల్లు. ఒకటే ఫ్యాను, అదీ బల్ల మీద పెట్టుకునేది. లోపలి గదిలో ఇనప బీరువా కనబడింది. ఖజానా ఇదే కాబోలనుకున్నాను. సరోజిని గారు తలుపు తీస్తే నిండా కంపెనీల నివేదికల పుస్తకాలు, ఏడాది వారీగా పేర్చి ఉన్నాయి.

"నా చీరలకి చోటు లేదు గాని, సిమెంటు కంపెనీ పుస్తకాలకి ఉంది చూడు" అన్నారావిడ.

ఆయన మిల్లు పెట్టలేదు, వ్యాపారం చెయ్యలేదు నాన్నా. ఎవరెవరో పెట్టిన కంపెనీల్లో వాటాలు కొన్నారు, అంతే. మొవ్వ పక్కన పల్లెటూళ్ళో పుట్టారు. గుడివాడ రైసుమిల్లులో గుమస్తాగా చేరారు. మిల్లు యజమానికి ఏడాదికోసారి బొంబాయి నుంచి ఒక కవరు, అందులో చెక్కు వచ్చేవట. "మనం చెమటోడ్చకుండా వాళ్ళెందుకు పంపుతారండీ?" అని ఈయన అడిగితే, "వాళ్ళ కష్టానికి నా డబ్బు తోడు పెట్టానోయ్. లాభం వచ్చినప్పుడు నన్ను మర్చిపోరు" అన్నారట యజమాని. ఆ మాట ఈయనకి అతుక్కుపోయింది. 

సరోజిని గారు చెబుతుంటే నవ్వలేక చచ్చాను. "పెళ్ళయిన ఏడాది గాజులు తెస్తానని మద్రాసు వెళ్ళారు. నాలుగు కాగితాలు చుట్టి తెచ్చారు. గాజులేవీ అంటే ఇవేనన్నారు. సైకిలు ట్యూబుల కంపెనీవంట! రెండు రోజులు మాట్లాడలేదు నేను. మూడో రోజు మాత్రం వాటిని బియ్యం డబ్బాలో దాచాను, ఎలకలు కొట్టకుండా. నా గాజులు కదా మరి."

కొనేముందు ఆయన చేసే పని వింటే నువ్వు కూడా నవ్వుతావు. సబ్బుల కంపెనీ అయితే ఏడాదిపాటు ఆ సబ్బుతోనే స్నానం చేస్తారట. సిమెంటు కంపెనీ అయితే గుడివాడ బైపాసులో లారీ డ్రైవర్లతో కూర్చుని టీ తాగుతూ, నెలకి ఎన్ని లోడ్లు వస్తున్నాయి, డ్రైవర్లకి అక్కడ మంచినీళ్ళైనా ఇస్తారా అని అడుగుతారట. మంచినీళ్ళివ్వని కంపెనీ వాటా ముట్టుకోరు. పదేళ్ళ క్రితం షేర్లకి ఒక్కసారిగా రేట్లు పెరిగినప్పుడు గుడివాడలో సగం మంది ఈయన వరండాలోనే ఉన్నారట, ఏది కొనాలో చెప్పమని. ఈయన ఒక్కొక్కరినీ ఒకటే అడిగారు. "ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో మీకు తెలుసా?" తెలియదన్నవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపేశారు. చాలామంది కోపగించుకుని వెళ్ళారు. ఏడాది తిరగకుండా రేట్లు పడిపోయాయి. అప్పుడు మళ్ళీ అదే వరండాకి వచ్చారు. "అప్పుడూ కాఫీయే ఇచ్చాను. ఇంకేం చేస్తాను?" అన్నారు సరోజిని గారు.

కొన్న వాటా అమ్మడం ఆయనకి తెలియదు. జీవితంలో ఒక్కసారే అమ్మారు. ఉప్పెన వచ్చిన వారానికి బియ్యం బస్తాలతో దివిసీమ వెళ్ళి, మూడు రోజులకి తిరిగొచ్చి, స్నానం కూడా చెయ్యకుండా సరోజిని గారి ముందు కూర్చున్నారట. "నీ గాజులు అమ్మెయ్యనా?" అని అడిగారట. అప్పటికి ఆ సైకిలు ట్యూబుల కాగితాలు చాలా పెరిగి ఉన్నాయి. అవి అమ్మగా వచ్చిందే ఈ హాస్టలు ఇల్లు. ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ తన ఖాళీ చేతులు చూసుకున్నారు. చూసుకుని, గర్వంగా నవ్వారు.

అంతలో ఆయన వచ్చేశారు! నేను కాగితాలు వెనక దాచాను. సరోజిని గారు ఏమాత్రం తొణక్కుండా, "ఉమాదేవి గోంగూర పచ్చడి కోసం పంపింది" అని చెప్పేశారు. ఆయన నమ్మారు. నా ఊరు అడిగారు, మా నాన్న ఏం చేస్తాడని అడిగారు. పారాదీపులో పడవ మీద ఉంటావని చెప్పాను.

"చేపలు ఎలా పంచుకుంటారమ్మా మీ పడవల్లో?" అన్నారు. ఎవరి పని గురించైనా సరే ఆయనకి అలా అడగడం అలవాటు.

చెప్పాను. పడవకో వాటా. వలకో వాటా. ఎక్కినవాళ్ళకి తలా ఒకటి. ఎక్కలేనివాడికి ఒకటి.

"ఎక్కలేనివాడికా?"

"జ్వరమొచ్చో, దెబ్బ తగిలో వేటకి రాలేకపోయినవాడికండి. వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చేస్తారు."

"ఎవరు పెట్టారీ రూలు?"

"ఎవరూ పెట్టలేదండీ. ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నలభై అయిదేళ్ళుగా నివేదికలు చదువుతున్నాను సరోజినీ. ఒక్క కంపెనీ పుస్తకంలోనైనా ఈ వాటా చూళ్ళేదు" అన్నారు.

ఆ వాటా తిన్నది మన ఇల్లేనని ఆ రోజు నేను చెప్పలేదు నాన్నా, ఒట్టు. నీ మాట గుర్తుంది.

సన్మానం మొన్న బుధవారం, హాస్టలు వెనక షామియానాలో జరిగింది. ఆయనతో అది వార్డెన్ గారి రిటైర్మెంటు ఫంక్షన్ అనే చెప్పారు. పిల్లల తల్లిదండ్రులందరినీ పిలిచారు. మన ఊరి నుంచి అమ్మా, నీ పాత పడవలోనే ఇప్పటికీ వేటకెళ్ళే అయ్యప్ప మావయ్యా, ఇంకో నలుగురూ వచ్చారు. మావయ్య కుడిచేతికి సిమెంటు కట్టు. తాడు చుట్టుకుని మణికట్టు విరిగిందట. నీకు రాయొద్దన్నాడు. ఇప్పుడు తనే రాయమన్నాడు, అది తర్వాత చెబుతాను.

పేరు పిలిచేసరికి తాతగారు వంటల దగ్గర జగ్గు పట్టుకుని ఉన్నారు. సరోజిని గారు రెక్క పట్టుకుని తీసుకొచ్చి స్టేజీ మీద కూర్చోబెట్టారు. పెడన నుంచి తెప్పించిన కలంకారీ దుప్పటి కప్పారు. ఆయన దాన్ని చూసిన చూపు, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడి చూపు. నేను అద్దం కట్టిన పత్రం పట్టుకుని మొదలుపెట్టాను. "వితరణ శేఖరా!" చిన్న పిల్లలు కిసుక్కుమన్నారు. "నిరాడంబర మూర్తీ!" నా గొంతు నాకే బాగుంది. మూడో పిలుపు దగ్గర తలెత్తి చూస్తే ఆయన తల వంచుకుని ఉన్నారు. చెవులు ఎర్రగా అయిపోయాయి. నాలుగో పిలుపుకి లేచి, వార్డెన్ గారితో "నేను మజ్జిగ సంగతి చూసొస్తానమ్మా" అని మెట్లు దిగబోయారు.

"కూర్చోండి!" అన్నారు ముందు వరసలోంచి సరోజిని గారు. ఆయన వినలేదు. వెళ్ళిపోతే ఆయన ఇంక ఈ హాస్టలుకి ఎప్పటికీ రారనిపించింది. నా పిలుపులే ఆయన్ని తరిమేస్తున్నాయనిపించింది. పత్రం బల్ల మీద బోర్లా పెట్టేశాను. ఆ తర్వాత నా నోట్లోంచి వచ్చింది ఇది. జ్ఞాపకం ఉన్నంతవరకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"తాతగారూ, అది చదవనండి. అందులో ఉన్నాయన ఎవరో నాకూ తెలియదు. ఒక్క సంగతి చెప్తాను, విని వెళ్ళండి. ఎక్కలేనివాడి వాటా తిన్నది మా ఇల్లేనండి. నేను ఏడో తరగతిలో ఉండగా పడవ ఒడ్డుకి లాగుతుంటే మా నాన్న కాలు విరిగింది. తొమ్మిది నెలలు మంచం మీద ఉన్నాడు. పడవ వేటకెళ్ళిన ప్రతిరోజూ మా గుమ్మంలోకి వాటా వచ్చింది. నేను బడి మానలేదు. కాలు బాగయ్యాక మా నాన్న ఆ పడవ ఎక్కలేకపోయాడు. ఊరికే తిన్నానని సిగ్గుపడి పారాదీపు వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఈ హాస్టల్లో అన్నం ఎవరు పెడుతున్నారని కాలేజీలో అడిగితే మేమూ చెప్పమండి, సిగ్గుతో మాట మార్చేస్తాం. కానీ మీరు మజ్జిగ పోస్తున్నప్పుడు మాత్రం ఎవరో పెట్టింది తింటున్నామని నాకు ఒక్కసారీ అనిపించలేదు. అంతేనండి."

అదీ నాన్నా నేను చేసింది. మూడు వందల మంది ముందు, మైకులో. నీ సంగతి, నువ్వు దాచుకున్నది. నేను చెప్పడం ఆపాక గాని నువ్వు గుర్తు రాలేదు.

తాతగారు మెట్టు మీదే నిలబడిపోయారు. కాసేపటికి వెనక్కి వచ్చారు. మైకు వద్దన్నారు. "నాకు పన్నెండేళ్ళప్పుడు మా చేను మునిగింది" అని మొదలుపెట్టారు. అందరూ చెవులు రిక్కించారు. "బందరు హైస్కూల్లో చదువు. నాన్న ఫీజు కట్టారు గాని, భోజనానికి ఇవ్వలేకపోయారు. ఏడిళ్ళలో వారాలు చేసుకుని తిన్నాను, రోజుకో ఇల్లు. అందరూ మంచివాళ్ళే. అయినా మారు అన్నం అడగడానికి నోరొచ్చేది కాదు. మజ్జిగ అడగడానికి మరీను. కూరన్నంతోనే లేచిపోయేవాణ్ణి. అడక్కుండా ఎవరైనా వచ్చి పోస్తే బాగుండునని..." దుప్పటి సర్దుకుని మళ్ళీ అందుకున్నారు. "యాభై ఏడేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. సరోజినికి కూడా చెప్పలేదు. ఈ పిల్ల వాళ్ళ నాన్నగారిదీ నాదీ ఒకటే పడవ."

"నలభై అయిదేళ్ళ కాపురమండీ!" అని లేచి నిలబడ్డారు సరోజిని గారు. "పచ్చడిలో ఉప్పెక్కువైందని చెప్పడానికి మాత్రం నోరొచ్చింది ఈయనకి!" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. షామియానా అంతా నవ్వు. ఆ నవ్వులో మన అమ్మ లేచింది. అమ్మకి సభలో మాట్లాడడం తెలియదని అనుకునేవాళ్ళం కదా!

"అవునండీ, తిన్నాం. తొమ్మిది నెలలూ కడుపు నిండా తిన్నాం. మా ఆయన ఒక్కడే అరిగించుకోలేకపోయాడు" అంది.

ఇంక చూడు నాన్నా, ఎవరికి వాళ్ళు మొదలుపెట్టారు. నాగాయలంక నుంచి వచ్చిన ఒక తండ్రి, ఉప్పెన ఏడాది తన ఇంటి కప్పు ఎవరు వేశారో చెప్పాడు. వంట చేసే పోలమ్మగారు తన కూతురి పురిటి ఖర్చు తాతగారే ఇచ్చారని చెప్పబోతే, ఆయన "పోలమ్మా, పులుసు మాడుతున్నట్టుంది" అని ఆవిణ్ణి పంపించేశారు. భోజనాల దగ్గర ఆయన మళ్ళీ జగ్గు పట్టుకున్నారు. నా దగ్గరికి వచ్చి, "ఆ పత్రంలో ఇంకా పద్ధెనిమిది పిలుపులున్నాయట కదా. ఒకరోజు వచ్చి నాకొక్కడికే చదివి అర్థాలు చెప్పు. వాడుకోకపోయినా, మాటలు పాడుచెయ్యకూడదు" అన్నారు. వచ్చే ఆదివారం వెళ్తున్నాను.

ఇప్పుడు అయ్యప్ప మావయ్య రాయమన్నది. చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నీ నోరు పెద్దదే. మీ నాన్న గుట్టంతా బయటపెట్టేశావు" అన్నాడు.

"తిట్టు మావయ్యా."

"తిట్టడం మీ నాన్న వంతు. నా సంగతి విను. చెయ్యి విరిగి ఇరవై రోజులైంది. పడవ వచ్చినప్పుడల్లా కుర్రాళ్ళు మా గుమ్మంలో వాటా పెట్టి వెళ్తున్నారు. నేను తిప్పి పంపేస్తున్నాను. ఇన్నేళ్ళూ పెట్టినవాణ్ణి, తీసుకోవడం రావట్లేదు నాకు. మీ నాన్న ఎందుకు పారిపోయాడో నాకిప్పుడు తెలిసింది. అప్పుడు తెలిస్తే వాడి కాళ్ళకి అడ్డంపడి ఆపేవాణ్ణి." కట్టు కట్టిన చెయ్యి ఎత్తి ఒళ్ళో సర్దుకున్నాడు. "ఇంక తిప్పి పంపనులే. కానీ కుర్రాళ్ళ చేతుల మీదుగా కాదు. పడవలో నా చోటు ఖాళీగా ఉంది. మీ నాన్న బంగార్రాజుని వచ్చి అక్కడ కూచోమను. వేటాడి, నా వాటా వాడి చేత్తో మా గుమ్మంలో పెట్టమను. అప్పుడు తీసుకుంటాను. అంతవరకు మీ అత్త చేత గంజి కాయించుకుని తాగుతాను. ఇది రాయి."

పక్కనుంచి అమ్మ, "తీసుకోమంటే రాడు గాని, పెట్టమంటే వస్తాడు" అంది. అని నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంది. అయిదేళ్ళలో అమ్మ నీ గురించి మాట్లాడుతూ నవ్వడం నేను చూడడం ఇదే మొదటిసారి.

నాన్నా, నీ మాట దాటినందుకు క్షమించమని రాద్దామనుకున్నాను. నాలుగు సార్లు రాసి కొట్టేశాను. అబద్ధం రాసినట్టుంది. నీకు బాధ కలిగితే ఆ తప్పు మాత్రం నాది. మన ఊళ్ళో ఎవరూ దాన్ని ఊరికే తిన్న తిండి అనుకోలేదు, నువ్వొక్కడివే అనుకున్నావు. మావయ్య ఇప్పుడు రోజూ గంజి తాగుతున్నాడు. నిజంగానే తాగుతున్నాడట, అత్త కబురు పంపింది. నీకు కోపం వస్తే ఎన్ని పేజీలైనా తిట్టి రాయి, అన్నీ చదువుతాను. కోపం రాకపోతే ఉత్తరం రాయకు. రైలెక్కు.

ఇట్లు,
నీ మాట దాటిన నీ కూతురు,
సాయిదుర్గ.